రుషికుల్య మొగ దగ్గర అడుగు నీళ్ళు

మొన్న ఒక ఆదివారం, భోజనాలయ్యాక, మా తమ్ముడి మనవరాలు నా మంచం మీద బోర్లా పడుకుని పరీక్షకి చదువుకుంటోంది. భువనేశ్వర్‌లో సముద్రశాస్త్రం చదువుతోంది ఆ పిల్ల. సెలవు దొరికితే చాలు, బరంపురం వచ్చి నా గదిలో వాలిపోతుంది. నేనూ ఒకప్పుడు ఆ చదువే చదివి, ఆ చదువే కాలేజీలో చెప్పి రిటైరయ్యానని దానికి తెలుసు గానీ, మా కాలపు చదువుని అది ఇత్తడి సామాన్ల వరసలోనే వేసింది. కళ్ళజోడు సర్దుకుని దాని లాప్‌టాప్ తెరలోకి ఊరికే తొంగిచూశాను. ఉత్తర బంగాళాఖాతంలో చలికాలం పై నీటికన్నా కింది నీరు వెచ్చగా ఉండటం సాధారణమేననీ, అందువల్ల అక్కడ మిశ్రమ పొర లోతుని ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి అంచనా వేయకూడదనీ ఒకే ఒక వాక్యం ఉంది. పైన రంగు పూసిన వాక్యాలు చాలా ఉన్నాయి, కింద కూడా ఉన్నాయి, దీనికి మాత్రం రంగు పూయలేదు. ఎందుకు వదిలేశావని అడిగితే తలెత్తకుండానే, "అదేటుంది మామ్మా, అందరికీ తెల్సిందే కదా" అంది.

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. బీపీ తగ్గిందేమోనని ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ ఒక్క వాక్యం కోసం ఒక పెద్దమనిషి నా కళ్ళ ముందు సముద్రంలో మునిగాడని, పైకి వచ్చి తన జీవితంలో చేసిన పనంతా తన చేతులతోనే విప్పేసుకున్నాడని దానికి ఎలా చెప్పను? అప్పటికి ఏమీ చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడిలా, నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను.

ఆ రోజుల్లో బరంపురంలో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆడపిల్ల డిగ్రీ చదవడమే ఎక్కువ. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నవాళ్ళం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నన్ను ఎమ్మెస్సీలో చేర్పిస్తానని నాన్నగారు అన్నప్పుడు మా అమ్మ వారం పాటు సరిగా మాట్లాడలేదు. ఏ సబ్జెక్టు అని ఎవరైనా అడిగితే సముద్రం అనేది, ఆ ఒక్కమాట అనేసి లోపలికి వెళ్ళిపోయేది. యూనివర్సిటీలో ఆ శాఖ అప్పుడే కొత్తగా మొదలుపెట్టారు, సీట్లు ఖాళీగా ఉండి నాకు సులువుగా దొరికింది, అంతకుమించి సముద్రం మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ ఉండేది కాదు. ఆ ప్రేమ కలిగించినవారు మా మాస్టారు.

ఆయన కూడా మావాళ్ళే, అంటే బరంపురం తెలుగువాళ్ళే. సన్నగా పొడుగ్గా ఉండేవారు, ఎండాకాలమైనా సరే తోలు బూట్లు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, ఆయన భార్య, గోడల నిండా పుస్తకాలు. పాఠం చెప్పేటప్పుడు చక్కని పుస్తకాల ఇంగ్లీషు, పని చేయించేటప్పుడు అచ్చంగా మా ఊరి తెలుగు. మిశ్రమ పొర అంటే ఏమిటో మొదటిరోజే ఒక మజ్జిగ కుండతో చెప్పారు. కవ్వం ఎంతవరకు అందుతుందో అంతవరకే చిలకబడుతుంది, ఆ కిందది కదలకుండా అలాగే ఉంటుంది. సముద్రానికి గాలే కవ్వం. గాలి చిలికినంత మేరా నీళ్ళు పైనుంచి కిందిదాకా ఒకే వేడిమితో ఉంటాయి, అక్కణ్ణుంచి కిందికి చల్లబడుతూ పోతాయి. ఆ చిలికిన పొర ఎంత మందం ఉందో తెలిస్తే సముద్రం దగ్గర ఎంత వేడి నిలవ ఉందో తెలుస్తుంది, చేపలకి మేత ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది, వచ్చే తుఫానుకి ఎంత బలం అందుతుందో తెలుస్తుంది. మా గంజాం తీరం వెంబడి ఆ పొర ఏ నెలలో ఎంత లోతు ఉంటుందో పటాలు గీసి ఒక పుస్తకంగా వేయడం ఆయన జీవితాశయం. నేను ఆయన దగ్గర రీసెర్చికి చేరేనాటికి ఆ పుస్తకం పూర్తయినట్టే, పెద్ద బజారులో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చడం కూడా మొదలైంది.

ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, లోతు కొలిచే పరికరం బారెడు పొడవు ఇత్తడి గొట్టం, చూడటానికి చిన్న బాంబులా ఉండేది. దాని లోపల పొగ పట్టించిన చిన్న గాజు పలక పెట్టి, ఇనుప తీగకి కట్టి పడవ మీద నుంచి నీళ్ళలోకి వదిలేవారు. అది దిగుతూంటే లోపల ఉన్న సూది ఆ పలక మీద, కాటుక మీద గోటితో గీసినట్టు, సన్నని గీత గీసేది. పైకి తీశాక ఆ గీతని భూతద్దం కింద పెట్టి చూస్తే ఎంత లోతులో ఎంత వేడి ఉందో తెలిసేది. గీత తిన్నగా దిగి దిగి ఎక్కడ వంగుతుందో అదే పొర అడుగు. గీత మెల్లగా వంగి తేల్చుకోలేకపోతే మాస్టారు పెట్టిన సూత్రం ఒకటి ఉంది. పై నీటికన్నా ఒక డిగ్రీ తగ్గేచోటుని అడుగుగా లెక్కపెట్టాలి. నా పని ఆ పలకలు చదవడం, దానితోపాటు సీసాల్లో తెచ్చిన నీళ్ళలో ఉప్పెంతుందో ల్యాబులో తేల్చడం. వెండి నైట్రేటు చుక్కలు చుక్కలుగా వేస్తూ రంగు మారేదాకా కళ్ళు చికిలించి చూడాలి. ఉప్పు లెక్కని మాస్టారు అంతగా పట్టించుకునేవారు కాదు, నేర్చుకోవాలి కాబట్టి నేర్చుకోమన్నారు.

చలికాలం తీసిన పలకల్లో కొన్నింటి మీద గీత మొదట్లోనే ఒక చిన్న వంకర కనిపించేది, వెనక్కి తిరిగినట్టు. కింద వేడి ఎక్కువుందని దానికి అర్థం. అలా ఎలా ఉంటుంది, వేడి నీళ్ళు తేలికగా ఉండి పైకి రావాలి కదా. పరికరం నీళ్ళని తాకేటప్పుడు అదిరి సూది వణుకుతుందని, అది సూది వణుకేనని మాస్టారు తేల్చేశారు. వణుకు తక్కువుంటే దాని మీద నుంచి తిన్నగా గీత గీసుకోవడం, మరీ ఎక్కువుంటే ఆ పలకని చెడిపోయిందని పారేయడం, ఇదీ మా శాఖలో పద్ధతి. అందరూ ఆయన మాట నమ్మేవారు, నేనూ నమ్మాను. ఆయన మాట నమ్మకపోవడమన్న ఆలోచనే ఎవరికీ రాదు, అంత శ్రద్ధగల మనిషి.

ఆ ఏడు దీపావళి దాటాక కూడా వానలు కురిసి రుషికుల్య నిండుగా పారింది. ఆ తర్వాత ఒక్కసారిగా ఉత్తరపు గాలి తిరిగి చలి పట్టుకుంది. పుస్తకంలో రుషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక్క చోట మాత్రం కొలతలు చాలక పాత సంఖ్యనే ఉంచారు, అచ్చయ్యేలోపు దాన్ని ఇంకోసారి సరిచూసుకుందామని మాస్టారు పడవ మాట్లాడారు. ఎప్పుడూ వెళ్ళే సీనియర్‌కి మలేరియా వచ్చింది. పలక మార్చడం తెలిసినదాన్ని ఇక నేనే. మాస్టారు స్వయంగా మా ఇంటికి వచ్చి నాన్నగారిని అడిగితే, కాదనలేక, మధ్యాహ్నానికల్లా ఒడ్డుకి చేర్చాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. మా అమ్మ నా కొంగున విభూతి పొట్లం ముడివేసింది.

గోపాలపురం తీరంలో మరపడవ ఒడ్డుదాకా రాలేదు, నాటు పడవలో అలలు దాటి దాన్ని అందుకోవాలి. పడవ నడిపే సరంగు మా తెలుగు జాలరి, నోళియాయే, వయసులో పెద్దవాడు, మాస్టారికి పాత పరిచయం. చీర కుచ్చిళ్ళు బిగించుకుని పడవ ఎక్కుతుంటే నాకు భయంకన్నా సిగ్గే ఎక్కువైంది. కానీ మొగ దగ్గరికి చేరేసరికి అవన్నీ మరిచిపోయాను. నీళ్ళు అంత నిశ్చలంగా ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు, రుబ్బిన పిండిలా మెల్లగా కదులుతున్నాయంతే. ఎండ పల్చగా ఉంది, గాలి మాత్రం చెవులు కొరుకుతోంది.

మొదటిసారి పరికరం దింపి తీశాం. పలక మీద వంకర ఎప్పుడూ చూడనంత పెద్దది, గీత కుడివైపుకి బాగా జరిగి అక్కణ్ణుంచి కిందికి దిగింది. మాస్టారు మొహం చిట్లించి కొత్త పలక పెట్టమన్నారు. మళ్ళీ అదే. మూడోసారీ అదే. ఆయనకి కోపం వచ్చింది. తీగ చుట్టే వించ్ తిప్పే కుర్రాళ్ళు పరికరాన్ని పైకి తీసేటప్పుడు పడవ అంచుకి కొట్టేస్తున్నారని, అందుకే సూది దెబ్బతిందని గట్టిగా మందలించారు. సరంగు ఏదో సర్దిచెప్పబోయాడు. ఈసారి తనే పట్టుకుంటానని మాస్టారు గొడుగు పక్కన పెట్టి, అంచు మీదికి వంగి, నీళ్ళలోంచి వస్తున్న ఇత్తడి గొట్టం కోసం రెండు చేతులూ చాపారు. ఎక్కడో దూరంగా పోయిన ఓడదో ఏమో, ఒక్క పెద్ద కెరటం పడవ కిందికి వచ్చింది. తడిసిన చెక్క మీద ఆయన తోలు బూటు జారింది.

చప్పుడేమీ కాలేదు. నాకిప్పటికీ అదే ఆశ్చర్యం. అంత పొడుగు మనిషి నీళ్ళలో పడితే ఎంత చప్పుడు కావాలి! ఆయన నిలువుగా దిగిపోయారు, తెల్లచొక్కా కాసేపు పచ్చగా కనిపించి, ఆపైన కనిపించలేదు. సరంగు ఇంజను ఆపేశాడు. ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో అతను దూకిన చప్పుడు మాత్రం పెద్దగా వినిపించింది. నేను అంచు పట్టుకుని చూస్తున్నాను, నా చేతులు చెక్కకి అతుక్కుపోయాయి, ఎవరో నా వెనక ఒడియాలో దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఎంతసేపయిందో చెప్పలేను. పడవకి అవతలివైపు నుంచి ఎవరో కేకేశారు. అటు పరిగెత్తి చూస్తే సరంగు మాస్టారి కాలరు పట్టుకుని తేలి ఉన్నాడు.

పైకి లాగి వలల కుప్ప మీద పడుకోబెట్టారు. నోట్లోంచి, ముక్కులోంచి నీళ్ళు వచ్చాయి. ఒక కాలికి బూటు లేదు. మొహం బూడిదరంగులో ఉంది. పోయారనే అనుకున్నాను. ఆ తర్వాత పెద్దగా దగ్గి, కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ దాటి చూపుతో నన్ను వెతికి పట్టుకున్నారు. భార్య పేరు చెబుతారేమోనని, దేవుడి పేరు చెబుతారేమోనని దగ్గరికి వంగాను.

"అమ్మా, సూది వణుకు కాదమ్మా. కిందన వెచ్చగా ఉంది."

సరంగు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "బాబుగారికి మతి సెదిరినట్టుంది. ఒడ్డుకి ఎల్లిపోదాం తల్లీ" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ మాస్టారు లేచి కూర్చుని, సరంగు దుప్పటి కప్పుకుని, పళ్ళు టకటకమని కొట్టుకుంటూండగా, సీసాలు దింపితేగాని పడవ కదలకూడదన్నారు. చావు తప్పిన మనిషి మాటకి ఎవరూ ఎదురుచెప్పలేదు. పై నీళ్ళు ఒక బకెట్లో, కొన్ని మీటర్ల కింది నీళ్ళు ఇంకో బకెట్లో పోసి నన్ను చేతులు ముంచమన్నారు. ముంచాను. పై నీళ్ళలో ఉన్న ఎడంచెయ్యి జివ్వుమంది. కుడిచేతికి మాత్రం, ఎవరో పొయ్యి మీద పెట్టి అప్పుడే దింపినట్టు, గోరువెచ్చగా తగిలింది. థర్మామీటరు ఆ తర్వాత పెట్టాం, దానిలో తేడా పెద్ద సంఖ్యేమీ కాదు. నా చేతులకి మాత్రం అది చాలా పెద్దది. చేతులు బయటికి తీసి, మళ్ళీ ముంచి, మళ్ళీ తీసి, నమ్మలేక మాస్టారి మొహం చూశాను. ఆయన నా మొహమే చూస్తున్నారు.

అప్పుడు నాకు హుమ్మ గుర్తొచ్చింది. మా మేనమామ అక్కడి ఉప్పుమళ్ళలో గుమాస్తాగా ఉండేవాడు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి వాన వెలిశాక మళ్ళో ఆడుకోవడానికి దిగితే, పైనీళ్ళు చల్లగా ఉన్నాయి, అరికాళ్ళు అడుగుకి తగలగానే కాలి, ఏడుస్తూ బయటికి గెంతాను. వాననీరు తేలిక, పైన తేలుతుంది, ఉప్పునీరు బరువు, అడుగునే ఉండి వేడినంతా దాచుకుంటుంది అని మామయ్య నా కాళ్ళకి నూనె రాస్తూ చెప్పాడు. ఆ మాటే మాస్టారికి చెప్పాను. నదినీళ్ళు తీపి, మాస్టారూ, చల్లబడినా తేలికే, అందుకే మునగటం లేదు అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరవకుండానే అడిగారు.

"మన పుస్తకంలో ఈ మొగ కాడ ఎంతని ఏసేమమ్మా?"

"యాభై మీటర్లు, మాస్టారూ."

"అయిదు కూడా లేదు" అన్నారు.

చదివేవారికి ఒక్కమాట చెప్పాలి. ఆయన సూత్రం ప్రకారం పై నీటికన్నా ఒక డిగ్రీ తగ్గేచోటు వెతకాలి కదా. పైన చల్లగా, మధ్యలో వెచ్చగా ఉంటే, ఆ తగ్గేచోటు ఎంతో లోతుకి పోతుంది. గాలి నిజంగా చిలికేది మాత్రం ఆ పైనున్న తీపినీళ్ళ పల్చటి పొరనే. అంటే చలికాలపు పటాలన్నీ తప్పు. సూది వణుకని గీత దిద్దిన పలకలన్నీ సరైనవే, చెడిపోయాయని పారేసినవి అన్నిటికన్నా మంచివి. ఇది నాకు ఒడ్డుకి వచ్చే దారిలో కొంచెం కొంచెంగా తెలుస్తూ వచ్చింది, మాస్టారికి మాత్రం అక్కడే, ఆ వలల కుప్ప మీదే, పూర్తిగా తెలిసిపోయిందని ఆయన మొహం చూస్తే అర్థమైంది.

ఒడ్డున జనం. దారిలో చూసిన చేపల పడవలవాళ్ళు మోసుకెళ్ళారేమో, కబురు మాకన్నా ముందు బరంపురం చేరిపోయింది, అదీ వంకరగా చేరింది. యూనివర్సిటీ పడవలోంచి ఎవరో పడిపోయారన్నారట, ఆ పడినది ఆడపిల్లేనని బస్సులో ఎవరో అన్నారట. మా అమ్మ వీధి గుమ్మంలోనే కూలబడిపోయింది. నాన్నగారు స్కూలు నుంచి నేరుగా గోపాలపురం వచ్చేశారు. నాటు పడవలోంచి నేను దిగుతుంటే ఆయన నన్ను చూసిన చూపు ఎలాంటిదో చెప్పడం నా వల్ల కాదు. చనిపోయినవాళ్ళు లేచి వస్తే చూసే చూపు అది. దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు, ఇల్లు చేరేదాకా, బస్సులో కూడా, వదల్లేదు. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఇక చదువు చాలన్నారు, అంతే. నేనూ ఎదురు చెప్పలేదు. కళ్ళు మూస్తే పచ్చటి నీళ్ళలోకి దిగిపోతున్న తెల్లచొక్కా కనిపించేది.

మాస్టారికి జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి పట్టింది. కోలుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. నాన్నగారు కుర్చీ వేశారు గానీ పలకరింపు ముభావంగానే ఉంది. మాస్టారు కాఫీ పుచ్చుకోకుండానే మొదలుపెట్టారు. మీ బిడ్డని పడవెక్కించి మిమ్మల్ని అంత క్షోభ పెట్టినందుకు క్షమించమన్నారు. ఆ తర్వాత, లెక్క చెప్పినంత మామూలుగా, ఇన్నేళ్ళూ రాసిన నా పుస్తకం తప్పని తేలిందండీ, దాన్ని మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలంటే ఉప్పు లెక్క తెలిసిన మనిషి కావాలి, మా శాఖలో ఆ పని చేతనైనది మీ అమ్మాయి ఒక్కత్తే అన్నారు.

నేను తలుపు వెనక ఉన్నాను. అంత పెద్ద ప్రొఫెసరు, ఒక స్కూలు మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చుని నా పుస్తకం తప్పని చెప్పడం నాన్నగారు జన్మలో విని ఉండరు. కొంచెం జాలిగా అడిగారు.

"ఒకటి రెండు పేజీలు సవరించుకుంటే సరిపోదా మాస్టారూ? అచ్చు దాకా వచ్చేసింది కదా."

"చలికాలం ఒకటి తప్పయితే మిగతా కాలాలు మాత్రం ఒప్పని ఎలా సెప్పగలనండీ. అన్నీ మళ్ళీ సూడాలి" అన్నారు మాస్టారు. ప్రెస్సుకే వెళ్తున్నానని లేచారు. ఆయన దగ్గు చూసి ఒంటరిగా పంపలేక నాన్నగారు కండువా వేసుకుని బయల్దేరారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి నన్ను కూడా రమ్మన్నారు. ఎందుకు రమ్మన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ప్రెస్సు యజమాని మా కోమట్లాయనే, మాస్టారంటే గౌరవం. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, పేజీలుగా పేర్చి, చుట్టూ దారం బిగించి, బల్లల మీద వరసగా పెట్టి ఉన్నాయి. దీపం వెలుగులో వెండిలా మెరుస్తున్నాయి. పటాలకి పక్కనుండే సంఖ్యల పేజీలైతే కూర్చడానికి కంపోజిటరుకి నెలలు పట్టింది. వాటిని విప్పేయమని మాస్టారు చెప్పగానే యజమాని తనకి సరిగా వినపడలేదనుకుని మళ్ళీ అడిగాడు. రెండోసారి విన్నాక గొంతు తగ్గించాడు.

"ఏటి మాస్టారూ ఇది, ఇన్నేళ్ళ పని. సముద్రం లోపలి సంగతి, ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెల్సిపోయింది కదా నాయనా" అన్నారు మాస్టారు.

కంపోజిటరు కదల్లేదు. మాస్టారే బల్ల దగ్గరికి వెళ్ళి, మొదటి పేజీ దారం కొస వేలితో వెతికి, లాగారు. దారం వదులైంది. ఆయన పేజీని అరచేత్తో కొంచెం కదిపారు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, గలగలమని పళ్ళెంలోకి రాలిపోయాయి. ఆ చప్పుడుకి మా నాన్నగారు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు. నేను చేత్తో నోరు మూసుకున్నాను. సముద్రంలో ఆయన పడినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మాస్టారు రెండో పేజీ దారం విప్పారు. తర్వాత కంపోజిటరు ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, మిగతాది నేను చేస్తానులెండి బాబూ అన్నాడు.

మర్నాడు పొద్దున్న నాన్నగారు స్నానం చేసి వస్తూ, యూనివర్సిటీ బస్సు ఎన్నింటికని నన్ను అడిగారు. మా అమ్మ ఆయనవైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి సంగతులు సంతోషంగా ముగిశాయని రాయలేను. ఒక పెద్ద సభలో మాస్టారు లేచి తన పాత వ్యాసాల్లో చలికాలపు అంచనాలు తప్పని చెప్పుకున్నారు, ఎలా తెలిసిందో కూడా దాచకుండా చెప్పారు. వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. మునిగి తేలిన మాస్టారు అని ఆయనకి ఒక పేరు కూడా పెట్టారు. శాఖకి అధిపతి కావలసిన మనిషి కాలేదు. మేము మాత్రం ప్రతి చలికాలం పడవ ఎక్కాం, నాన్నగారు ఎప్పుడూ వద్దనలేదు, ప్రతిసారీ గోపాలపురం ఒడ్డున నిలబడి మాత్రం ఉండేవారు. పటాలు సగం అయ్యేసరికి మాస్టారు రిటైరయ్యారు. పుస్తకం ఇక రానేలేదు. ఇద్దరి పేర్ల మీదా ఒక చిన్న వ్యాసం వచ్చింది, దాన్ని చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. అదే నిజాన్ని తర్వాత మాకన్నా పెద్ద ఓడలవాళ్ళు, పెద్ద దేశాలవాళ్ళు వేర్వేరు చోట్ల వాళ్ళంతట వాళ్ళే కనుక్కున్నారు. మాస్టారు ఆ వార్తలు చదివి, మంచిదే అనేవారు.

ఆయన మంచం పట్టిన రోజుల్లో ఒకసారి చూడబోయాను. అప్పటికి నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకుని అడగలేని మాట ఆ రోజు అడిగేశాను, నీళ్ళలోకి దిగిపోతూ ఏమనుకున్నారని. ఆయన ఇంటి కప్పు వైపు చూసి, నవ్వారు.

"మొదట భయమేసిందమ్మా. ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. ఇంతలో కాళ్ళకి వెచ్చగా తగిలింది, నడుం దాకా వచ్చింది, గుండెల దాకా వచ్చింది. సచ్చిపోయేను కాబోలు, సావంటే ఇంత వెచ్చగా ఉంటాదా అనుకున్నాను. సుఖంగానే ఉంది. అప్పుడు తట్టింది, ఇది సావు కాదు, నీళ్ళు అని. దాంతో సెడ్డ కోపం వచ్చింది. ఈ సంగతి ఎవులికీ సెప్పకుండా పోతానేమో అని."

పక్కన మందు కలుపుతున్న ఆయన భార్య చేతిలో చెంచా ఆగిపోయింది. ఆవిడకీ ఆ మాట అదే మొదటిసారి వినడం.

ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది, మా నాన్నగారూ లేరు. పెద్ద బజారులో ఆ ప్రెస్సు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. సీసపు అక్షరాలు తూకానికి అమ్మేశారని విన్నాను. సముద్రంలో ఇప్పుడు ఎవరూ దిగనక్కర్లేదు. పరికరాలు వాటంతట అవే మునిగి, తేలి, వేడినీ ఉప్పునీ కొలిచి ఆకాశంలోకి పంపేస్తాయి, నిన్న వేసిన సంఖ్య తప్పయితే ఇవాళ్టికల్లా అది మారిపోయి ఉంటుంది. అది మంచికే, నేనేమీ కాదనను. ఏ తల్లీ గుమ్మంలో కూలబడక్కర్లేదు, ఏ తండ్రీ ఒడ్డున నిలబడక్కర్లేదు. కానీ ఆ సంఖ్య మారేటప్పుడు ఎక్కడా ఎవరి మొహమూ పాలిపోదు, ఏ గదిలోనూ ఎవరూ ఉలిక్కిపడి వెనక్కి అడుగు వెయ్యరు. మేము సముద్రాన్ని చూసి, మనుషుల్ని చూసి, అలా నిశ్చేష్టులమై నిలబడిపోయిన రోజులుండేవి. కష్టమైన రోజులే. అయినా ఈమధ్య, ఏ కబురు విన్నా ఏమీ అనిపించకుండా వయసు గడిచిపోతున్నప్పుడు, నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిలో ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉన్న ఆ పొద్దుటిపూటని తలుచుకుంటూ ఉంటాను.